హైస్కూల్ తరగతి గదిలో పద్య పఠన పోటీ: సూరత్ నుంచి ఒక చారిత్రక పరిశీలన



ఈ వారం ఎస్సే ప్రాక్టీస్‌కి తీసుకున్న అంశం: "హైస్కూల్ తరగతుల్లో పద్య పఠన పోటీలు పెట్టాలా? పెడితే ఎలా?" చూడగానే తేలికైన టాపిక్ అనిపిస్తుంది. కానీ జీఎస్-1 లోని ఆధునిక భారత చరిత్ర, జీఎస్-2 లోని భాషా మైనారిటీల హక్కులు, విద్యావిధానం ఇక్కడ కలుస్తాయి. తెలుగు ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు అవధానం, వ్యావహారిక భాషోద్యమం కూడా ఇందులోనే వస్తాయి. మెయిన్స్ ఎస్సే అంటే 1000 నుంచి 1200 పదాలు. ఇది నోట్స్ కాబట్టి పొడుగ్గా ఉంటుంది. కావలసింది తీసుకుని మిగతాది వదిలేయండి.

1. ఒక స్టీల్ టిఫిన్ బాక్సు

నేను పుట్టి పెరిగింది సూరత్‌లో. మా తాత కరీంనగర్ జిల్లాలో మగ్గం వదిలేసి ఇక్కడ సాంచాల మీద పనికి వచ్చాడు. లింబాయత్, ఉధ్నా వైపు వెళ్తే మాలాంటి కుటుంబాలు ఎన్నో కనిపిస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి వచ్చిన పద్మశాలీలు ఎక్కువ. 2011 జనగణన నాటికే 44 లక్షలు దాటిన ఈ నగరంలో మున్సిపల్ పాఠశాలలు గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లో కూడా నడుస్తున్నాయంటే దానికి కారణం ఈ వలసలే.

నేను 8వ తరగతిలో ఉన్నప్పుడు మావాళ్ల పండుగ సభలో పద్యాల పోటీ పెట్టారు. పోతన గజేంద్రమోక్షం పద్యాలు ఐదు, ఊపిరి తీసుకోకుండా గడగడా అప్పజెప్పాను. ఫస్ట్ వచ్చింది. స్టీల్ టిఫిన్ బాక్సు ఇచ్చారు. ఇంటికి నడిచి వస్తుంటే తాత అడిగాడు.

"మంచిగ చెప్పినవ్ రా. గని ఏనుగు తనకు లావు లేదంటది గదా, లావు అంటే ఏంది?"

"దొడ్డుగ ఉండుడు తాతా."

తాత రోడ్డు మీద ఆగి మరీ నవ్వాడు. "మొసలి కాలు పట్టుకుంటే ఏనుగు సన్నబడ్డనని ఏడుస్తదారా? లావు అంటే బలం. ఒంట్ల బలం అయిపోయింది, ఇగ నువ్వే దిక్కని మొక్కుతుంది."

తాత బడికి వెళ్లింది రెండో మూడో తరగతి దాకా. ఊళ్లో భాగవతం ఆడేవాళ్ల దగ్గర విని నేర్చుకున్నాడు. బహుమతి నాకు వచ్చింది, పద్యం మాత్రం ఆయనకు వచ్చింది. పోటీ పెట్టినవాళ్లు కానీ, చప్పట్లు కొట్టినవాళ్లు కానీ, గెలిచిన నేను కానీ ఆ తేడా గమనించలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పద్య పఠన పోటీ మంచిదే, కానీ అది వేదిక మీద ఇద్దరు ముగ్గురితో కాకుండా తరగతి గదిలో అందరితో జరగాలి. కంఠస్థంతో పాటు అర్థానికీ మార్కులుండాలి. దీనికి చరిత్రలో ఏం ఆధారాలున్నాయో చూద్దాం.

2. 1823: బళ్లారి కలెక్టర్ ఏం గమనించాడు?

మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీ అంతటా పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. ప్రిలిమ్స్ చదివేవాళ్లకు ఇది తెలిసిందే. ఆ సర్వే పత్రాల ఆధారంగానే ధరంపాల్ 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' ప్రచురించాడు.

ఆ నివేదికల్లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపినది ప్రత్యేకమైంది. అప్పటి బళ్లారి జిల్లాలో ఆదోని, రాయదుర్గం లాంటి తెలుగు ప్రాంతాలు కలిసి ఉండేవి. క్యాంప్‌బెల్‌కు తెలుగు బాగా వచ్చు. 1816లో తెలుగు వ్యాకరణం రాసినవాడు. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. 9 లక్షల పైచిలుకు జనాభాలో వెయ్యికి సుమారు ఏడుగురే బడిలో ఉన్నారు.

మన అంశానికి పనికొచ్చే పరిశీలన మరొకటి ఉంది. బడిలో పిల్లలు వందల పద్యాలు వల్లె వేస్తున్నారు కానీ అర్థం తెలియదు, నేర్పిన చిలక పలికినట్టు పలుకుతున్నారు అని ఆయన రాశాడు. కారణం కూడా చెప్పాడు. బడిలో చదివే పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. రెంటికీ మధ్య వంతెన వేసేవారు లేరు.

అదే నివేదికలో వీధిబడి పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు కూడా. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పడం, తక్కువ ఖర్చుతో బడి నడవడం ఆయనకు నచ్చాయి. ఆన్సర్‌లో ఈ రెండు వైపులూ రాయండి. "బ్రిటిష్ వాళ్లు మన చదువును తిట్టారు" అనో, "మన చదువు అంతా గొప్పది" అనో ఒకే వైపు రాస్తే మార్కులు పోతాయి.

క్యాంప్‌బెల్ చెప్పిన ఆ చిలక, దాదాపు 200 ఏళ్ల తర్వాత, సూరత్‌లో టిఫిన్ బాక్సు పట్టుకుని నడిచిన నేనే. తప్పు ధారణది కాదు. ధారణ దగ్గరే ఆగిపోవడం తప్పు.

3. అవధానం: పోటీకి మన సొంత నమూనా

పోటీ అనేది తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. శ్రీనాథుడు గౌడ డిండిమభట్టును ఓడించి కంచుఢక్క పగలగొట్టించాడన్న కథ మనందరం విన్నదే. కానీ తరగతి గదికి పనికొచ్చే నమూనా రాజాస్థానాల కంటే అవధానంలో దొరుకుతుంది.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన, ఆశువు, పురాణ పఠనం, అప్రస్తుత ప్రసంగం, ఘంటాగణనం వంటి అంశాలుంటాయి. చివర్లో అవధాని తాను చెప్పిన పద్యాలన్నీ మళ్లీ అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు. ఇందులో పురాణ పఠనాన్ని ప్రత్యేకంగా చూడండి. పృచ్ఛకుడు ఏదో ఒక కావ్యం నుంచి పద్యం చదువుతాడు. అది ఎక్కడిది, సందర్భం ఏమిటి, భావం ఏమిటి అనేది అవధాని చెప్పాలి. అంటే జ్ఞాపకశక్తికి పేరుపడిన ఈ ప్రక్రియలో కూడా పద్యం గుర్తుండటం ఒక పరీక్ష, పద్యం తెలియడం ఇంకో పరీక్ష.

ఈ ప్రక్రియను ఊరూరా తిప్పి జనంలోకి తెచ్చినవారు తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) కలిసి గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి లాంటి సంస్థానాల్లో అవధానాలు చేశారు. తమను ఓడించినవాళ్లుంటే మీసాలు తీసేస్తామని సవాలు చేసిన జంట అది. వాళ్లు రాసిన పాండవోద్యోగ విజయాలు నాటకాల పద్యాలు చదువు రానివాళ్ల నోళ్లలో కూడా నిలిచాయి. మా తాతలాంటి వాళ్లు చాలామంది పద్యం నేర్చుకున్న బడి ఆ నాటకాల స్టేజీయే.

4. బందరు హైస్కూల్లో ఒక తెలుగు పండితుడు

ఇక్కడ అసలు ఉదాహరణకి వస్తున్నాం. సంస్థానాల్లో గజారోహణ గౌరవాలు చూసిన చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి మచిలీపట్నం హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేరారు. ఆస్థానంలో పండితుల ముందు పలికిన గొంతు, బల్లల మీద కూర్చున్న పిల్లల ముందు పలికింది.

దాని ఫలితం చూడండి. బందరులో ఆయన శిష్యరికం చేసినవారిలో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నారు. 'రామాయణ కల్పవృక్షం'కి 1970 జ్ఞానపీఠం అందుకుని, తెలుగుకు మొదటి జ్ఞానపీఠం తెచ్చింది ఆయనే. 'సౌందరనందం' రాసిన పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు కూడా ఆ శిష్యులే. చెళ్లపిళ్ల తర్వాతి కాలంలో మద్రాసు ప్రభుత్వ ఆస్థాన కవి అయ్యారు. ఆస్థానాలన్నీ కలిపి ఇచ్చినదాని కంటే తెలుగుకు ఆ హైస్కూలు ఎక్కువ ఇచ్చిందేమో అని నాకు అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. పోటీ పెట్టినంత మాత్రాన విశ్వనాథలు పుడతారని ఎస్సేలో రాయకండి. ఇందులో నేను చూసే పాఠం ఇంకొకటి. పద్యం హైస్కూల్ వయసులో, రోజూ, తెలిసినవాడి గొంతులోంచి పిల్లల చెవిన పడింది. ఏడాదికోసారి వార్షికోత్సవం రోజున కాదు.

5. గిడుగు ప్రశ్న: ఏ భాషలో అర్థం చెప్పాలి?

క్యాంప్‌బెల్ చూపించిన అగాధాన్ని పూడ్చడానికి జీవితం పెట్టినవాడు గిడుగు రామమూర్తి (1863–1940). ఆయనా బడిపంతులే. పర్లాకిమిడిలో పని చేశారు. 1907 ప్రాంతంలో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్, పుస్తకాల తెలుగుకీ జనం తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగిన ప్రశ్న గిడుగును ఈ దారిలోకి తెచ్చింది. పరీక్షల్లో వ్యాసరచన ఏ తెలుగులో రాయాలన్న వివాదం 1910లలో మద్రాసు ప్రభుత్వం దాకా వెళ్లింది. 1919లో గిడుగు 'తెలుగు' అనే పత్రిక పెట్టి వాదన కొనసాగించారు.

గిడుగును పద్యానికి శత్రువుగా చూపించడం మామూలుగా జరిగే పొరపాటు. ఆయన పాత కావ్యాలను లోతుగా చదివినవాడు. పిల్లలకు చెప్పేదీ, పిల్లలు రాసేదీ బతికున్న భాషలో ఉండాలన్నది ఆయన వాదన. పద్యం పోతనదే కావచ్చు, దాని అర్థం మాత్రం పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పగలగాలి. "బలం అయిపోయింది, ఇగ నువ్వే దిక్కు" అని మా తాత చెప్పింది సరిగ్గా అదే.

ఇంకో సంగతి. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి ఒడియా, తెలుగు, సవర భాషలు కలిసే చోటు. గిడుగు సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టారు. తన భాష కోసం పోరాడినవాడే పక్కవాడి భాషకు కూడా బడి కట్టాడు. బహుభాషా నగరమైన సూరత్‌కి ఆయన పనికొచ్చేది ఇందుకే.

6. తెలంగాణ అనుభవం: కవిత్వం ఒక సాక్ష్యం

సూరత్ తెలుగువాళ్లలో ఎక్కువమంది మూలాలు నిజాం రాజ్యంలో ఉన్నాయి. అక్కడ అధికార భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా బోధన ఉర్దూలోనే. 1921 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంస్కరణ సభలో ఒక తెలుగు న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి 354 మంది కవులను చూపించారు.

ఒక భాష అధికారంలో లేనప్పుడు, బడిలో లేనప్పుడు, అది బతికి ఉందని నిరూపించడానికి జనం కవిత్వాన్నే సాక్ష్యంగా పెట్టారు. సూరత్‌లో హైస్కూల్‌కి వచ్చిన తెలుగు పిల్లవాడి పరిస్థితి కూడా ఒక రకంగా అదే. తేడా ఏమిటంటే ఇక్కడ ఎవరూ గేలి చేయరు. అడిగేవాళ్లే ఉండరు.

7. సూరత్: రాజ్యాంగం ఎక్కడ ఆగుతుంది?

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తర్వాత, 1956లో 7వ సవరణ ద్వారా 350ఎ అధికరణం వచ్చింది. భాషా మైనారిటీల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రం, ప్రతి స్థానిక సంస్థ ప్రయత్నించాలని చెబుతుంది. కానీ అందులో ఒక మాట ఉంది: "ప్రాథమిక దశలో". 2020 జాతీయ విద్యావిధానం కూడా మాతృభాషా మాధ్యమం కనీసం 5వ తరగతి దాకా, వీలైతే 8వ తరగతి దాకా, ఆపైన కూడా ఉంటే మంచిదని చెబుతుంది. ఆ తర్వాత ఏమిటి? హైస్కూల్ దగ్గరికి వచ్చేసరికి హక్కు పలచబడుతుంది.

ఇంకోవైపు గుజరాత్ ప్రభుత్వం 2023లో చట్టం చేసి 1 నుంచి 8వ తరగతి దాకా అన్ని బోర్డుల పాఠశాలల్లో గుజరాతీ బోధన తప్పనిసరి చేసింది. ఇక్కడ బతికేవాళ్లు ఇక్కడి భాష నేర్చుకోవాలన్నది న్యాయమే. నేను గుజరాతీ నేర్చుకున్నాను, దానివల్ల లాభపడ్డాను. సమస్య గుజరాతీ కాదు. 14 ఏళ్ల వయసులో, సరిగ్గా భాష లోతు తెలియడం మొదలయ్యే వయసులో, ఇంటి భాష బడి నుంచి మాయమవడం సమస్య. హైస్కూలు మొత్తాన్ని తెలుగు మాధ్యమంలో నడపమని అడగడానికి టీచర్లు కావాలి, పుస్తకాలు కావాలి, బోర్డు అనుమతి కావాలి. పద్య పఠన పోటీకి ఇవేవీ అక్కర్లేదు. మాధ్యమం మార్చకుండానే ఇంటి భాషకు తరగతి గదిలో చోటు ఇవ్వగలిగిన చౌకైన మార్గం ఇది.

సూరత్ ఈ పనికి తగిన ఊరు కూడా. దక్కన్ నుంచి గుజరాత్ వచ్చిన వలీ ఈ నగరం మీద మస్నవీ రాశాడు. ఆధునిక గుజరాతీ కవిత్వానికి ఆద్యుడైన నర్మద్ (1833–1886) ఇక్కడే పుట్టాడు. కొంతకాలం ఈ పక్కనే ఉన్న రాందేర్‌లో బడిపంతులుగా పని చేశాడు. 1858లో ఉద్యోగం వదిలేసి కలాన్నే నమ్ముకున్నాడు. 1864లో 'దాండియో' పత్రిక పెట్టాడు. గుజరాతీ నిఘంటువు 'నర్మకోశ్' ఒక్కడే తయారు చేశాడు. నేను రోజూ ప్రిపరేషన్‌కి కూర్చునే నర్మద్ సెంట్రల్ లైబ్రరీ ఆయన పేరు మీదే ఉంది.

తారీఖులు చూడండి. నర్మద్ పుట్టినరోజు ఆగస్టు 24, ప్రపంచ గుజరాతీ దినం. గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. మధ్యలో ఐదు రోజులు. ఇద్దరూ బడిపంతుళ్లు, ఇద్దరూ సంస్కర్తలు. సూరత్ హైస్కూళ్లలో తరగతి పోటీలకు ఇంతకంటే మంచి వారం ఉండదు.

8. ప్రపంచంలో ఎక్కడైనా చేశారా?

చేశారు. అమెరికాలో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్, పొయెట్రీ ఫౌండేషన్ కలిసి 'పొయెట్రీ ఔట్ లౌడ్' అనే పోటీ నడుపుతున్నాయి. 2006 నుంచి దేశమంతటా జరుగుతోంది. 9 నుంచి 12 తరగతుల పిల్లలకు. జాతీయ విజేతకు 20,000 డాలర్లు. డబ్బు సంగతి పక్కన పెట్టండి. మనం గమనించాల్సింది రెండు విషయాలు. ఒకటి, పోటీ తరగతి గదిలో మొదలై బడి, రాష్ట్రం, దేశం అని పైకి వెళ్తుంది. రెండు, న్యాయనిర్ణేతలు చూసే అంశాల్లో గొంతు, ఉచ్చారణ, తప్పులు లేకపోవడంతో పాటు "కవిత అర్థమైందన్న ఆధారం" కూడా ఉంటుంది. మన పురాణ పఠనంలో ఉన్న పరీక్షే వేరే పేరుతో అక్కడ ఉంది.

9. అభ్యంతరాలు

ఎస్సేలో ఎదుటి వాదన లేకపోతే బ్యాలెన్స్ ఉండదు. నాకు తోచిన మూడు గట్టి అభ్యంతరాలు ఇవి.

మొదటిది, ఇది మళ్లీ బట్టీ చదువే కదా అన్నది. అర్థం అడగకపోతే అవును, బట్టీయే. అడిగితే కాదు. పైగా పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం వల్ల నేర్చుకున్నది ఎక్కువ రోజులు నిలుస్తుందని రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగం చూపించింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే గుర్తు తెచ్చుకుంటూ సాధన చేసినవాళ్లు ముందుకొచ్చారు. పాలిటీ అధికరణాలతో కుస్తీ పట్టే మనకి ఇది వేరే చెప్పాలా?

రెండోది, పోటీ అంటే గొంతు బాగున్నవాళ్లదే గెలుపు అన్నది. ఇది నిజమైన ప్రమాదం. పద్యనాటకాల కాలం నుంచి రాగం తీసి 'వన్స్ మోర్' అనిపించుకోవడం మనకు అలవాటు. రాగం లాగే కొద్దీ మాట నలిగిపోయి వినపడకుండా పోతుంది. అందుకే రాగానికి మార్కులు ఉండకూడదు.

మూడోది, శతకాలు, పురాణాలు అంటే ఒక మతానికి, ఒక వర్గానికి చెందినవే వస్తాయి కదా అన్నది. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. క్యాంప్‌బెల్ లెక్కలో వెయ్యికి సుమారు ఏడుగురే ఉన్న ఆ బడిలో ఎవరున్నారో, ఎవరు లేరో మనకు తెలుసు. అందుకే పద్యాల పట్టికలో పోతనతో పాటు వేమన, జాషువా ఉండాలి. వచన కవిత ఉండాలి. సాంచాల మీద పనిచేసేవాళ్ల పాట కూడా ఉండొచ్చు. ఎంచుకునేది పిల్లవాడే అయి ఉండాలి.

10. తరగతి గదిలో ఎలా?

నేను చదివింది ఇంజనీరింగ్. లెక్క వేయకుండా ఉండలేను. తరగతికి 40 మంది. ఒక్కొక్కరికి పద్యానికి 2 నిమిషాలు, అర్థానికి 1 నిమిషం. మొత్తం 120 నిమిషాలు. 40 నిమిషాల పీరియడ్లు మూడు. ఏడాదిలో మూడు పీరియడ్లు! వార్షికోత్సవం రిహార్సల్స్‌కి పోయే సమయంతో పోలిస్తే ఇది ఏపాటిది?

10 మార్కులైతే ఇలా పంచుతాను:

• తప్పులు లేకుండా చెప్పడం: 3
• స్పష్టమైన ఉచ్చారణ, విరుపు: 3
• సొంత మాటల్లో అర్థం, ఒక ప్రశ్నకు జవాబు: 4

సూరత్‌లో ఒక చిక్కుంది. ఒకే తరగతిలో తెలుగు, మరాఠీ, ఒడియా, హిందీ, గుజరాతీ పిల్లలు కూర్చుంటారు. టీచర్‌కి తెలుగు రాదు. మరి మార్కులు ఎవరు వేయాలి? చరిత్ర చెప్పిన 'అర్థం' అనే అంశమే ఇక్కడ ఆదుకుంటుంది. పద్యం తన భాషలో చెప్పాలి, భావం తరగతి భాషలో చెప్పాలి. తెలుగు రాని తోటి పిల్లలకు అది అర్థమైందా లేదా అన్నదే 4 మార్కుల పరీక్ష. ఉచ్చారణ చూడటానికి ఆ రోజు ఒక పెద్దమనిషిని, ఎవరో ఒక పిల్లవాడి తాతనో అమ్మమ్మనో పిలిస్తే చాలు. జీవితంలో హైస్కూల్ గడప తొక్కని మనిషి ఆ రోజు న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చుంటుంది.

ఇది కాగితం మీద లెక్కే కాదు. రెండు నెలలుగా ఆదివారం సాయంత్రాలు మా వీధిలో ఏడుగురు పిల్లలతో ప్రయత్నిస్తున్నాను. అందరూ 9, 10 తరగతులు. తెలుగు మాట్లాడతారు, ఇద్దరికే చదవడం వచ్చు. మిగతావాళ్లు పద్యాన్ని గుజరాతీ లిపిలో రాసుకుని నేర్చుకుంటున్నారు. మొదట్లో నాకది బాధనిపించింది. ఐదో వారంలో ఒక అమ్మాయి వేమన పద్యం చెప్పి, గుజరాతీలో భావం చెప్పి, ఆగి, "అన్నా, ఇందులో ఈ మాట తెలుగులో ఎట్ల రాస్తరు?" అని అడిగింది. బోర్డు మీద రాసి చూపించాను. తను కింద రెండుసార్లు రాసింది. ఆ తర్వాతి వారం తన నోట్‌బుక్‌లో పద్యం మొత్తం తెలుగు లిపిలో ఉంది. మూడు ఒత్తులు తప్పు.

నేను బహుమతులేమీ పెట్టలేదు. టిఫిన్ బాక్సు కూడా లేదు.

11. ముగింపు

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. 1823లో క్యాంప్‌బెల్ అర్థం లేని వల్లెవేతను చూశాడు. అవధానం ధారణతో పాటు భావాన్ని పరీక్షించే పద్ధతి చూపించింది. చెళ్లపిళ్ల ఆస్థానాల పద్యాన్ని హైస్కూల్లోకి తెచ్చారు. గిడుగు అర్థం బతికున్న భాషలో చెప్పమన్నారు. సురవరం, బడిలో చోటులేని భాషకు కవిత్వమే సాక్ష్యమని చూపించారు. ఈ అన్నిటినీ మూడు పీరియడ్లలో కలపొచ్చన్నదే నా వాదన. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. హోదా ఢిల్లీ ఇస్తుంది. పద్యాన్ని నోట నిలబెట్టాల్సింది మాత్రం 14 ఏళ్ల పిల్లలే.

మా తాత ఇప్పుడు లేడు. టిఫిన్ బాక్సు ఉంది. లైబ్రరీకి అందులోనే చపాతీలు పెట్టుకుని వెళ్తాను.

ప్రాక్టీస్ కోసం:

1. "మాతృభాషా హక్కు ప్రాథమిక దశ దగ్గరే ఆగిపోవడం రాజ్యాంగ లోపమా, పాలనా లోపమా?" 350ఎ, 350బి అధికరణాల నేపథ్యంలో చర్చించండి. 250 పదాలు.
2. 1822–26 మన్రో సర్వే దేశీయ విద్య గురించి ఏం చెబుతుంది? దాని పరిమితులేమిటి? 150 పదాలు.
3. ఎస్సే: "గుర్తుండటం వేరు, తెలియడం వేరు."

మూడోది రాసినవాళ్లు, మీకు చిన్నప్పుడు వచ్చిన ఒక పద్యం గుర్తు తెచ్చుకుని, దాని అర్థం మీ ఇంటి మాటల్లో ఒక పేరా రాయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి ఎస్సే మొదలుపెట్టండి.